నైరుతి మూల మూసేశాక

ఏప్రిల్ 6, సోమవారం

నేను డైరీ రాసే మనిషిని కాను. రాసేవాళ్లను చూసి నవ్వుకునేదాన్ని. ఇప్పుడు రాయడానికి కారణం ఒక్కటే. అమ్మకు మతిమరుపు మొదలైన వయసు నాకొచ్చింది. చివరి రోజుల్లో అమ్మ నన్ను చూసి "నువ్వు ఎవరి కోడలివి బిడ్డా?" అని అడిగేది. నాకు ఆ గతి పట్టకూడదు. రోజూ కాస్త రాసి, మర్నాడు చదువుకుని, బుర్ర సరిగ్గా ఉందో లేదో చూసుకుంటాను. ఆయనకు చెప్పలేదు. లెక్కల మాస్టారు కదా, చెబితే పరీక్ష పెట్టి మార్కులు వేస్తారు.

ఎందుకైనా మంచిది, మొదటి నుంచీ రాస్తాను. రేపు మరిచిపోతే నాకే పనికొస్తుంది. నా పేరు విమల (అంతదాకా రానివ్వకు దేవుడా). ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక. ఆబిడ్స్‌లో ఒక పాత కాంప్లెక్స్ సెల్లార్‌లో ఉన్న సామాన్ల గోదాంకు ఇన్‌ఛార్జిని. సొంతిళ్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్ కట్టుకునేవాళ్లు, అది లేచేదాకా తాతలనాటి మంచాలు, బీరువాలు తెచ్చి మా క్యాబిన్లలో పెట్టి తాళం వేసుకుంటారు. ఓనరు లక్ష్మణరావు సారు. ఆ మంచాలూ బీరువాలూ మోసేది పరశురాం. పాలమూరు పక్క మనిషి, చాదర్‌ఘాట్‌లో కిరాయి గదిలో భార్యాపిల్లలతో ఉంటాడు.

ఇవాళ్టితో గోదాం వాస్తు పని పూర్తయింది. సిద్ధాంతిగారిని తీసుకొచ్చింది నేనే, మా పుట్టింటివాళ్లకు తెలిసినాయన. ఏడాదిగా సగం క్యాబిన్లు ఖాళీ, సారు మొహంలో కళే లేదు. సిద్ధాంతిగారు సెల్లార్‌లో అడుగుపెట్టగానే ఎగ్జాస్ట్ ఫ్యాను వైపు చూసి, "నైరుతిల గింత బొక్క పెట్టుకోని వ్యాపారం నడుస్తలేదంటే ఎట్ల నడుస్తదమ్మా? వచ్చిన లక్ష్మి గట్లనే పోతున్నది" అన్నారు. ఫ్యాను తీయించి ఇటుకలతో మూయించాం. ముందు బరువు ఉండాలన్నారని ఒక టేకు బీరువాను నిలబెట్టాం. జనరేటర్ ఇన్నాళ్లూ వెనక గల్లీలో ఉండేది. అది వాయవ్యమట, గాలి మూల. అగ్ని ఆగ్నేయంలో ఉండాలి కాబట్టి దాన్ని లోపలికి తెచ్చి ర్యాంపు మొదట్లో మెట్ల కింద పెట్టించాం. పరశురాం కొబ్బరికాయ కొట్టాడు, పువ్వు పడింది.

ఆయన మాత్రం అన్నం దగ్గర, "మనింటి వాస్తు మంచిగుంటే నువ్వు సెల్లార్ల ఎందుకు కూసుంటవు విమలా?" అన్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

ఏప్రిల్ 9, గురువారం

వాస్తు లేదన్నవాళ్లు వచ్చి చూడాలి. గన్‌ఫౌండ్రీ నుంచి ఒకేసారి రెండు కుటుంబాలు సామాన్లు దింపాయి. ఒకావిడ సుబ్బరత్నంగారని, పెద్దావిడ, నిలువుటద్దం బల్లను పసిపిల్లలా పట్టుకుని తనే దగ్గరుండి పెట్టించింది. సారు కోవా బిళ్లలు తెప్పించి, మొదటిది నా చేతికిచ్చారు. "గిదంతా మీ చలవే విమలమ్మా."

కాంప్లెక్స్ వాళ్లు ప్రతి గోదాంకూ ఒక భద్రతా బాధ్యుణ్ణి పెట్టాలన్నారట. సారు నా పేరు రాయించి గోడకు బోర్డు కొట్టించారు. బోర్డు కింద తగిలించిన, మంటలార్పే ఎర్ర సిలిండరును ఎలా వాడాలో నాకు తెలియదు. బోర్డు మీద పేరు మాత్రం బాగుంది. ఫోటో తీసి చెల్లెలికి పంపాను.

ఏప్రిల్ 13, సోమవారం

రోడ్డు తవ్వి కేబుల్ వేస్తున్నారు. నెలంతా పని రోజుల్లో పొద్దున తీసిన కరెంటు సాయంత్రం గానీ ఇవ్వరట. జనరేటర్ నడుస్తూనే ఉంది. చప్పుడు తప్ప ఇబ్బందేం లేదు. కొంచెం పెట్రోలు వాసన ఉంటే సాంబ్రాణి వేశాను, సర్దుకుంది.

ఏప్రిల్ 15, బుధవారం

తలనొప్పి. ఎండ.

ఏప్రిల్ 17, శుక్రవారం

ఇవాళ పరువు పోయింది. ఒకాయన వచ్చి తన క్యాబిన్ తాళంచెవి అడిగితే వేరేవాళ్లది ఇచ్చాను. కాదన్నాడు. తీసుకుని మళ్లీ అదే ఇచ్చాను. ఆయన నా మొహంలోకి చూసి "పాణం బాగలేదా అమ్మా?" అన్నాడు. బాగానే ఉందన్నాను. బాగాలేదు. అక్షరాలు ఈదుతున్నట్టు కనిపిస్తున్నాయి. మధ్యాహ్నం తిన్నానో లేదో గుర్తురాక డబ్బా తీసి చూసుకున్నాను. తిన్నాను.

అమ్మకు కూడా తాళాలతోనే మొదలైంది.

ఏప్రిల్ 19, ఆదివారం

తలంటుకున్నాను. హాయిగా ఉంది. పప్పుచారు, వంకాయ. ఎదురింటావిడ మనవరాలి బారసాలకు వచ్చిన చీరల రంగులన్నీ వరసగా చెప్పగలిగాను. ఆముదం పెట్టి తలంటుకుంటే నరాలు చల్లబడతాయని అమ్మమ్మ ఊరికే అనలేదు. ఇక మీదట వారానికి రెండుసార్లు.

ఏప్రిల్ 21, బుధవారం

కాదు, 22. తేదీ తప్పు రాశాను.

నిన్న తలంటుకునే వెళ్లాను. మధ్యాహ్నానికి మళ్లీ అదే. కుర్చీలోంచి లేస్తే నేల కాస్త పక్కకు జరిగింది. బల్ల పట్టుకుని నిలబడ్డాను. ఎవరూ చూడలేదు. పోయేటప్పుడు మొజంజాహీ మార్కెట్ దగ్గర కరివేపాకు కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే సంచిలో అప్పటికే ఒక కట్ట ఉంది.

ఏప్రిల్ 23, గురువారం

సుబ్బరత్నంగారి నిలువుటద్దం పగిలింది. పరశురాం దాన్ని పక్కకు జరుపుతూ తూలాడు. తూలి గోడకు ఆనుకున్నాడు, అద్దం జారిపోయింది. చేతిలో పట్టు లేని మనిషిలా ముక్కల వైపు చూస్తూ నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను పిలిస్తే జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది.

ఇంకేముంటుంది? పొద్దున్నే పట్టించి ఉంటాడు. ఇంత ఎండలో అంత బరువులు మోసేవాళ్లు తాగక మానరని అందరూ అనేదే. నేనే ఇన్నాళ్లూ మంచివాడని వెనకేసుకొచ్చాను.

సారుకు ఫోన్ చేసి చెప్పాను. చెప్పకపోతే అద్దం నా మెడకు చుట్టుకుంటుంది. బోర్డు మీద పేరుంది కదా.

ఏప్రిల్ 24, శుక్రవారం

పరశురాం వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. "సార్‌కు గట్ల చెప్పిన్రంట మేడం. నేను తాగలే. మా ఊరి మైసమ్మ మీద ఒట్టు. తలకాయ గుంజుతున్నది, కండ్లకు చీకట్లొస్తున్నయి, గంతే."

"తాగినోళ్లందరూ ఇదే చెప్తారు" అన్నాను.

"మీరు నన్ను ఎన్నడన్న తాగంగ చూసిన్రా?"

నాకు ఆ క్షణంలో తల పగిలిపోతోంది. అతనితో వాదించే ఓపిక లేదు. వెళ్లి పని చూసుకోమన్నాను. అతను వెళ్లిపోయాడు. ర్యాంపు దగ్గర ఆగి గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. చూశారా అనుకున్నాను.

ఏప్రిల్ 26, ఆదివారం

బాగున్నాను. ఎంత బాగున్నానంటే నాకే అనుమానంగా ఉంది. ఆయన పేపర్లో పొడుపు లెక్క ఇస్తే ఆయనకంటే ముందు చేశాను. మొహం మాడ్చుకున్నారు. మరి రేపు మళ్లీ ఎందుకు పాడవుతుంది? ఒక రోజు పోయి ఒక రోజు వచ్చే మతి ఏమిటి? అమ్మకు ఇలా రాలేదు. అమ్మకు పోయింది పోయినట్టే.

చివరికి ఆయనకు చెప్పేశాను. ఎగతాళి చేస్తారనుకున్నాను. చేయలేదు. నా చెయ్యి పట్టుకుని "రేపు పొద్దుగాల డాక్టర్ దగ్గరికి పోదాం" అన్నారు. ఆ మాట నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఏప్రిల్ 27, సోమవారం

పొద్దున్నే గన్‌ఫౌండ్రీలో నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆవిడ నెమ్మదస్తురాలు. పేరడిగింది, నెలడిగింది, వెనక నుంచి వారాలు చెప్పమంది. అన్నీ టకటకా చెప్పాను. రక్తం తీయించింది. అన్నీ మామూలుగానే ఉన్నాయట. అమ్మ సంగతి చెప్పాను. రాసుకుంది.

చివర్లో ఒక ప్రశ్న అడిగింది. "మీరు పనిచేసే చోట ఇంకెవరికైనా ఇట్లా ఉందా?"

లేదన్నాను. పరశురాం గుర్తొచ్చాడు గానీ అతనిది వేరు. అతనిది తాగుడు.

అక్కణ్నుంచి అటే గోదాంకు వెళ్లాను. సాయంత్రానికి బస్సెక్కి ఎక్కడ దిగాలో తెలియలేదు. అఫ్జల్‌గంజ్‌లో దిగాను. మా ఇల్లు అటు కాదు. అసలు ఆ బస్సు ఎందుకెక్కాను? బస్టాప్‌లో కూర్చుని ఏడ్చి, ఆయనకు ఫోన్ చేశాను.

ఏప్రిల్ 29, బుధవారం

తలనొప్పి. ఎండ.

ఇది ముందే రాశానా?

ఏప్రిల్ 30, గురువారం

సుబ్బరత్నంగారు పగిలిన అద్దం చూసుకోవడానికి వచ్చారు. నేను పడాల్సిన తిట్లన్నీ సిద్ధం చేసుకుని ఉన్నాను. ఆవిడ ర్యాంపు దిగి నాలుగడుగులు వేసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏందమ్మా గీ పొగ? గిండ్ల ఎట్ల కూసుంటవు?"

"పొగ ఎక్కడుందండీ? సాంబ్రాణి అది" అన్నాను.

"నాకు సాంబ్రాణి తెల్వదా? నా కండ్లు మండుతున్నయి. జర బయట కూసో బిడ్డా, మొహం చూడు ఎట్లుందో." అద్దం సంగతి అడగకుండానే పైకి వెళ్లిపోయింది.

డబ్బున్నవాళ్ల సుకుమారం. మేం ఇక్కడే ఉంటున్నాం కదా, మాకేం కాలేదే అని పరశురాంతో అన్నాను. అతను మెట్ల మీద తల చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఔనన్నట్టు తల ఊపాడు.

మే 1, శుక్రవారం

మేడే, గోదాం సెలవు. తల తేలికగా ఉంది. ఇవాళ ఆదివారం కాదు, తలంటుకోలేదు కూడా. మరెందుకు? శుక్రవారం అమ్మవారి వారం, అందుకేనేమో. కానీ పోయిన శుక్రవారం కూడా అమ్మవారి వారమే. ఏదో ఒకటి నా కళ్ల ముందే ఉంది, పట్టుకోబోతే జారుతోంది. సోమవారం సెలవు పెట్టి చూద్దామా అనుకున్నాను. కొత్త సామాన్లు వస్తున్నాయట. వద్దులే.

మే 4

మే 8, శుక్రవారం

పైన తేదీ రాసి ఎందుకు వదిలేశానో తెలియదు. సోమవారం పొద్దున బయల్దేరే ముందు రాసుకుని ఉంటాను. ఇప్పుడు ఇంట్లో మంచం మీద ఉన్నాను. స్కూలుకు ఎండాకాలం సెలవులు కదా, ఆయనే జావ కాచారు. ఉప్పు వేయడం మరిచారు. మతిమరుపు నాకొక్కదానికే కాదన్నమాట.

సోమవారం నాకు గుర్తున్నంత రాస్తాను. మధ్యాహ్నం చీకట్లు కమ్మి గాలివాన వచ్చింది, వడగళ్లు కూడా. తవ్వి వదిలేసిన రోడ్డు మీద నీళ్లు ర్యాంపు మీదుగా లోపలికి దిగడం మొదలెట్టాయి. కొత్తగా వచ్చిన పరుపులు కిందే ఉన్నాయి. "షట్టర్ దించెయ్" అని పరశురాంకు చెప్పాను. దించాడు. నీళ్లు ఆగాయి. జనరేటర్ నడుస్తోంది. మంచి పని చేశాం అనుకున్నాను. ఆ తర్వాత కుర్చీలో కాస్త కళ్లు మూసుకోవాలనిపించింది. ఎంతో హాయిగా అనిపించింది. ఆ హాయి తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు జలదరిస్తోంది.

తర్వాత మొహం మీద వాన. ఫుట్‌పాత్. చుట్టూ కాళ్లు.

మిగిలింది చాయ్ బండి అతను ఆసుపత్రికి వచ్చి చెప్పాడు. "షెట్టర్ గింతే లేసిందమ్మా. కింద నుంచి మీ చెయ్యి కనవడ్డది. ఎనక నుంచి పరశురాం మిమ్ముల నూకుతుండు. మేం గుంజినం. మళ్ల ఒంగి చూస్తే ఆయన అడ్డం పడ్డడు, లేస్తలేడు. షెట్టరేమో అంతకన్న మీదికి లేస్తలేదు. నలుగురం కలిసి ఎత్తేసరికి చానా సేపయింది."

ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది చాలా చిన్న సంగతి. జనరేటర్ పొగలో ఒక విషవాయువు ఉంటుంది. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. బయటికి పోయే దారి లేకపోతే మెల్లగా ఒంట్లో చేరుతుంది. తలనొప్పి, తూలడం, వాంతులు, మతి తప్పడం అన్నీ దానివే. అంతకుముందు సోమవారం నరాల డాక్టరు తీయించిన రక్తంలో ఎందుకు కనిపించలేదని అడిగాను. ముందు రోజు ఆదివారమంతా ఇంట్లో మంచి గాలి పీల్చాను కాబట్టి అన్నాడు. "మీరిద్దరూ ఒకే గాలి పీల్చారు. అతను బరువులు మోస్తాడు కాబట్టి ఇంకా ఎక్కువ పీల్చాడు."

మొదట నాకు వచ్చింది సంతోషం. దాచుకోవడం ఎందుకు? నాది అమ్మ జబ్బు కాదు! ఆయన భుజం మీద పడి ఏడ్చాను, నవ్వాను, నర్సు వచ్చి కోప్పడింది. పరశురాం ఎలా ఉన్నాడని అడగాలని అప్పుడు తోచలేదు. ఆ సాయంత్రం ఎప్పుడో అడిగాను. బతికే ఉన్నాడట. మాట సరిగ్గా రావడం లేదట, చేతులు వణుకుతున్నాయట. మునుపటిలా అవుతాడో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు.

సిద్ధాంతిగారికి ఫోన్ చేశాను. ఫ్యాను సంగతి చెప్పాను. షట్టర్ దించిన ముహూర్తం ఏమిటని అడిగారు.

మే 9, శనివారం

సారు వచ్చారు, బుట్ట నిండా పళ్లు. కుర్చీ అంచున కూర్చుని, పాపం చిక్కిపోయారు విమలమ్మా అన్నారు. మా ఆయన చాయ్ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లగానే గొంతు తగ్గించారు.

"మంగళారం లేబర్ ఆఫీసరు మిమ్ముల పిలుస్తడు. పరశురాం తాగి పనికొస్తుండని మీరే కదమ్మా నాకు ఫోన్ల చెప్పింది? నా అంతట నేను అంటున్ననా? గదే మాట ఆడ చెప్పున్రి. తాగినోడు షెట్టర్ దించి, జనరేటర్ బంజెయ్యకుంట పండుకున్నడు. లేనిది చెప్పమంటలేను, మీరు చెప్పిందే చెప్పమంటున్న."

"అతనికి పరిహారం రావాలి కదా సార్" అన్నాను.

"నేను చూసుకుంట. వాన్ని నేను విడిచిపెడ్తనా? మీ కుర్చీ పై అంతస్తుకు మారుస్త, గాలి వెలుతురు మంచిగుంటది." లేచి, గుమ్మం దగ్గర ఆగారు. "లేకుంటే బోర్డు మీద మీ పేరున్నదమ్మా. సిద్ధాంతిని తెచ్చింది కూడా మీరే. నన్నడిగితే నేనేం చెప్పాలె?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పళ్లు మంచివే తెచ్చారు. ఒకటి కూడా నోట పెట్టలేకపోయాను.

మే 10, ఆదివారం

సారు అన్నదాంట్లో అబద్ధం లేదు. తాగాడని చెప్పింది నేనే.

వాసన వచ్చిందా? అద్దం పగిలిన రోజు నేను అతని దగ్గరగా నిలబడ్డాను. ఏదో వాసన ఉంది. ఘాటుగానే ఉంది. పెట్రోలు కావచ్చు, జనరేటర్లో పోసేది అతనే కదా. కానీ పెట్రోలే అని నేను ఎలా చెప్పగలను? అప్పుడు నా తలే సరిగ్గా లేదు. తల సరిగ్గా లేని మనిషి తాగాడనీ చెప్పలేదు, తాగలేదనీ చెప్పలేదు. నాకు తెలియదు అంటే సరిపోతుంది. అదేమీ అబద్ధం కాదు.

కళ్లు ఎర్రగా ఉన్నాయి. అద్దంలో నావీ ఎర్రగానే ఉన్నాయి. నాది ఎండ.

అతను తాగి ఉంటే షట్టర్ ఎత్తి నన్ను నెట్టగలిగేవాడా? ఏమో, తాగినవాళ్లకు మొండి బలం ఉంటుందంటారు.

ఛీ. ఏం రాస్తున్నాను?

మే 11, సోమవారం

ఆయనను అడిగాను. "నేను చెప్పిన మాటే మళ్లీ చెప్తే తప్పవుతుందాండీ?"

పేపర్లోంచి తల ఎత్తలేదు. "లెక్క తప్పు చేసిన పోరడు కూడ గదే అంటడు. మొన్న రాసిందే ఇయ్యాల రాసిన సార్ అని."

"నా ఉద్యోగం పోతుంది. కేసు కూడా నా మీదికి రావచ్చు."

అప్పుడు పేపరు మడిచారు. "రావచ్చు. ఫికర్ నాకు లేదనుకుంటున్నవా? కాని నువ్వు ఏం చెప్పినా నేను ఎంబడి వస్త. ఏం చెప్పాలెనో నన్నడగకు."

కోపమొచ్చింది. అన్ని విషయాల్లోనూ సలహాలు ఇచ్చే మనిషి, కావాల్సినప్పుడు ఇవ్వరు. రాత్రి కూరలో కారం ఎక్కువ వేశాను. మజ్జిగ పోసుకుని తిన్నారు.

మే 12, మంగళవారం

ఆఫీసరు నాకంటే చిన్నవాడు. విసుగ్గా ఉన్నాడు, పైన ఫ్యాను తిరగడం లేదు. సారు వరండాలో కూర్చున్నారు, తలుపు తీసే ఉంది.

"పరశురాం తాగి పనికొస్తున్నాడని ఓనరుకు ఫోన్ చేసింది మీరేనా?"

"నేనే."

"ఎందుకనుకున్నారు అట్ల?"

"తూలాడు. అద్దం పగలగొట్టాడు. పిలిస్తే పలకలేదు."

అతను పెన్ను తిప్పుతూ నా వైపు చూశాడు. "ఆ రోజుల్ల మీరు తూలలేదా?"

"తూలాను."

"మీరు తాగిన్రా?"

అతను నన్ను ఇరికించాలని అడగలేదు. మామూలుగా, అడగాల్సిన ప్రశ్న అడిగాడు. నాకు మాత్రం నెల రోజులుగా పట్టు దొరకనిది ఒక్కసారిగా దొరికింది. పరశురాం తూలితే తాగుడు. నేను తూలితే జబ్బు. అతను వాంతి చేసుకుంటే చూశారా అనుకున్నాను. నేను దారి తప్పితే బస్టాప్‌లో కూర్చుని ఏడ్చాను, నన్ను చూసి నేనే జాలిపడ్డాను. ఒకే సెల్లార్‌లో, ఒకే పొగలో.

అంతా చెప్పేశాను. సిద్ధాంతిని తెచ్చింది నేను. ఫ్యాను తీసి ఇటుకలు పెట్టించింది సారూ నేనూ. జనరేటర్ లోపలికి తెప్పించింది మేమే. వానకు షట్టర్ దించమని చెప్పింది నేను. పరశురాం తాగడం నేను ఏనాడూ చూడలేదు. ఊహించి చెప్పాను. నన్ను ఈడ్చుకొచ్చి బయటికి నెట్టింది అతనే. ఆఫీసరు ఇదంతా రాసుకుంటూ, భద్రతా బాధ్యురాలిగా మీకేమైనా శిక్షణ ఇచ్చారా అని అడిగాడు. బోర్డు ఇచ్చారన్నాను.

బయటికొస్తే సారు లేచి నిలబడ్డారు. "మంచిగనే చేసిన్రు విమలమ్మా" అని, నన్ను దాటుకుని లోపలికెళ్లారు. ఉద్యోగం పోయినట్టే. కేసులో నా పేరూ ఉంటుందట. అయినా మెట్లు దిగుతుంటే ఒళ్లు తేలికైంది. నేను మంచిదాన్నే అనిపించింది.

మే 14, గురువారం

ఆ మంచిదాన్నే పొద్దున పరశురాంను చూడటానికి దవాఖానకు వెళ్లాను.

వార్డులో చివరి మంచం. దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. కళ్లు నా మీదే ఉన్నాయి గానీ నన్ను చూస్తున్నట్టు లేవు. చొక్కా గుండీ పెట్టుకోవాలని వేళ్లతో తడుముకుంటున్నాడు, దొరకడం లేదు. అతని భార్య వనిత స్పూనుతో పెరుగన్నం పెడుతోంది. ఆమెను నేను ఎప్పుడూ చూడలేదు. సన్నగా, చిన్నగా ఉంది. నేనెవరో చెప్పగానే స్టూలు జరిపి కూర్చోమంది.

ఆఫీసరుకు నిజం చెప్పానన్నాను. పరశురాం తాగలేదని, తప్పంతా మాదేనని రాయించానన్నాను. పరిహారం వస్తుందన్నాను. నా ఉద్యోగం పోయిన సంగతి కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో నాకు తెలుసు. ఆమె నా చేతులు పట్టుకుంటుందని, మీ రుణం తీర్చుకోలేమంటుందని దారంతా అనుకుంటూ వెళ్లాను.

వనిత స్పూను గిన్నెలో పెట్టింది.

"మీ సారు నాకు ఫోన్ చేసిండు మేడం. మీ ఆయన తాగి పనికొస్తుండు, మా మేడమే చూసింది, బుద్ధి చెప్పుకో అన్నడు. ఆయాల్టి సంది రోజు, ఇంటికి రాంగనే నోరు వాసన చూసిన. ముందట కూసోబెట్టుకోని చూసిన. వాసన రాలే. ఒక్కనాడు రాలే. అయినా, సదువుకున్న మేడం ఊకెనే అంటదా అనుకున్న. వాసన రానిది తాగుతుండేమో అనుకున్న."

నేను ఏదో అనబోయాను.

"తలకాయ పలిగిపోతుందే వనితా అంటుండె. తాగినోనికి పలగదా అన్న. దవాఖానకు పోతనన్నడు. రెండుసార్లు అడిగిండు. నేనే పోనియ్యలే. ఏం మొహం పెట్టుకోని పోతవు, పనికి పో అని తోలిన. ఆ సోమారం గూడ నేనే తోలిన."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చడం నాకు తెలుసు. కొంగుతో అతని గడ్డం మీది పెరుగు తుడిచి, నా వైపు తిరిగింది.

"నిజం చెప్పున్రి మేడం. మీకన్న వాసన వచ్చిందా?"

"రాలేదు" అన్నాను. "ఎప్పుడూ రాలేదు."

ఆమె తల ఊపింది. మంచం మీద చెయ్యి ఆనించి, అతని చెవి దగ్గరికి వంగింది. చెవిటివాడికి చెప్పినట్టు గట్టిగా చెప్పింది. "ఇనవడ్డదా? మేడం వచ్చింది. రాలేదంటుంది. నీ దగ్గర ఎన్నడూ వాసన రాలేదంటుంది."

అతని వేళ్లు గుండీ మీద ఆగాయి. అర్థమైందో లేదో నాకు తెలియలేదు. వనిత కాసేపు చూసి, మళ్లీ మొదటి నుంచి చెప్పింది.